పసుపు గడులు

నీలవేణి మేడం వాదించి పాఠం చెప్పే మనిషి కాదు. అందుకే, ఆవిడ దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే సన్యాసిరావుకి ఆవిడంటే భక్తి, కొంచెం ఒళ్ళుమంట కూడా.

"అక్షరాల పోలిక పట్టే ఒక్క రెగెక్స్‌తో తేలిపోయేదానికి పేజీని గడిగడిగా విడదీసే ఆ రెడీమేడ్ పార్సర్ మాడ్యూల్ మోత ఎందుకు మేడం? పెర్ల్ భాషలో ఒక పనికి వంద దారులు! మాడ్యూళ్ళు బద్ధకస్తుల బూర్జువా సుఖం!" అన్నాడు ఆ సాయంత్రం. రేవు విస్తరణలో గుడిసెలు పోయిన నాలుగు వందల మంది పేర్లు రేవు ఆఫీసు తన వెబ్ పేజీలో పెట్టింది. వాటిని ఏరి, ఐదింటిలోగా బస్తీ సంఘం తిరిగి పంపితేనే ఇళ్ళ స్థలాలు. ఐదవడానికి పది నిమిషాలుందనగా సన్యాసిరావు ఒకే పంక్తి రాసి పని ముగించాడు.

"పంపేశావా?" అందావిడ. "అయితే ఆ పేర్లు బస్తీలో పైకి చదివి రా."

మైకు పట్టుకుని చదివాడు. పేరు పేరుకీ చప్పట్లు. అంతా అయ్యాక, చేపలు ఎండబెట్టే కొర్లమ్మ లేచింది.

"నా పేరు సదవనేదేటి బాబూ?"

"చదివాను మామ్మా, నీకు వినపడి ఉండదు."

"నా సెవులికేటి, బాగానే ఉన్నాయి. మా ఈరమ్మదీ సదవనేదు, గురివిదీ నేదు. మొగుళ్ళు సచ్చినోళ్ళని ఒగ్గేసినావేటి?"

నవ్వబోయిన జనం ఆగిపోయారు. లెక్క చూస్తే అతని జాబితాలో ముప్పై ఒక్కరు లేరు. అందరూ వితంతువులే. ఆఫీసుకి పరిగెత్తాడు. గుమాస్తా తాళం వేస్తున్నాడు. "గడువైపోయింది బాబూ, జాబితా మూసేశారు."

తిరిగొచ్చి మేడం ముందు భగ్గుమన్నాడు. "ఇది కుట్ర! అధికార యంత్రాంగం అట్టడుగు ఆడవాళ్ళని చెరిపేసింది! వీధుల్లోకి రావాలి మేడం!"

ఆవిడ ఆఫీసు పేజీ వెనకున్న హెచ్‌టీఎంఎల్ కోడ్ తెరిచింది. కొర్లమ్మ ఉంది. ఈరమ్మా, గురివీ ఉన్నారు. అతని పంక్తి ఒట్టి 'టీడీ' అని రాసి ఉన్న గడులనే వెతికింది. వీళ్ళ గడుల్లో టీడీ పక్కన ఇంకో మాట ఉంది, పసుపు రంగని. ఆ ఒక్క మాటకే అవి అతని పంక్తికి గడులు కాకుండా పోయాయి. మాడ్యూల్ అయితే రంగున్నా లేకున్నా గడిని గడిగానే చూసేది.

సన్యాసిరావు ఆ మాట మీద వేలు పెట్టాడు. "ఈ రంగు ఎవరు వేశారు?"

"సంఘమే ఆఫీసుని అడిగి వేయించింది," అందావిడ. "వీళ్ళని అందరికంటే ముందు చూడాలని."