ఎర్రతాడు, గుంటనీళ్ళు

తొలకరి పడిందంటే తుమ్మలగుట్ట కింది మేకలు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతికేవి. గొంతు వాచిన మేక రెండు రోజుల్లో నేలకొరిగేది. బొల్లి అనే మేకకు ఆ ఏడే తొలిచూలు పిల్ల పుట్టింది. దాని భయమంతా ఆ పిల్ల గురించే.

ఆ భయం పసిగట్టి నక్క జిల్లేడు వేరు గుచ్చిన ఎర్రతాళ్ళు పట్టుకొచ్చింది. కూలి ఏమీ వద్దంది. తాడు కట్టుకుని తన బొరియ పక్క గుంటలో నీళ్ళు తాగితే చాలు, రోగం దరిచేరదంది. పోయినేడు తాడు కట్టుకుని నిక్షేపంగా ఉన్న ఐదు మేకల్ని సాక్ష్యానికి పిలిచింది. అవి అవునవునని తలలూపాయి.

"తాడు కట్టుకుని కూడా చచ్చిపోయినవాళ్ళని అడిగావా, నక్క బావా?" అంది బట్టల మూటలు మోసే ముసలి గాడిద.

గాడిదకు తెలివెక్కడిదని మంద విరగబడి నవ్వింది. బొల్లి మాత్రం నవ్వలేకపోయింది. మర్నాడు పొద్దున్నే గాడిద వెంట వెళ్ళింది.

గుంట వెనక పొదల్లో నక్క కొరికి వదిలేసిన మేకల ఎముకలున్నాయి. వాటి మధ్య వెలిసిపోయిన ఎర్రతాళ్ళు. పక్కనే మోకాలెత్తు రాళ్ళ కుప్ప. చావుకు ఒకటి చొప్పున ఏడేళ్ళుగా నోటితో తెచ్చి పెడుతున్నానంది గాడిద. ఆ తర్వాత గుట్ట మీది ఊట దగ్గరికి తీసుకెళ్ళింది. మందలో సగం అక్కడే తాగుతాయి. అక్కడున్నవి రెండే రాళ్ళు.

"ఇక్కడ తాగేవాళ్ళకి తాడు లేదు. కింద తాగేవాళ్ళకి ఉంది. ఎందుకిలా అవుతుందో నాకు తెలీదమ్మా, చూసింది చూసినట్టు పెట్టానంతే," అంది.

అందరూ ఎగతాళి చేసే ఈ ముసలిది ఎవరూ అడక్కుండానే ఇంత పని చేసిందా అని బొల్లి ఆశ్చర్యపోయింది. అప్పుడే ఊట ఒడ్డు బురదలో నక్క అడుగులు కనిపించాయి, పాతవీ కొత్తవీ కలిసి.

సాయంత్రం నక్క తాడు పట్టుకుని పిల్ల మెడ మీదికి వంగింది.

"కట్టించుకుంటాం బావా. ముందు నీ గుంటలో నువ్వొక్క గుక్క తాగు," అంది బొల్లి.

నక్క దాహం లేదంది. మేకలన్నీ చుట్టూ చేరేసరికి ఇవాళ ఉపవాసమంది. చివరికి తాళ్ళు అక్కడే వదిలేసి జారుకుంది.

మర్నాటి నుంచి మంద మొత్తం గుట్టెక్కింది. వానలు తగ్గేసరికి నక్క డొక్కలు ఎండిపోయాయి. ఆ ఏడు గాడిద ఊట దగ్గర ఒక రాయి పెట్టింది, గుంట దగ్గర ఒక్కటీ పెట్టలేదు. ఊట పక్కన గెంతుతున్న పిల్లని చూసి బొల్లి గాడిద ముందు తల వంచింది.

నీతి: మందు సంగతి బతికినవాళ్ళని అడిగితే సరిపోదు, పోయినవాళ్ళ లెక్క కూడా చూడాలి.