క్రిములకి తెలియకుండా

తమ ఇంట్లో ఉన్న తెలివి ఊరందరికీ పంచినా ఇంకా మిగులుతుందని నూకాలమ్మ నమ్మకం. కాదా మరి? వాళ్ళింట్లో ఒక్క ఫినాయిలు సీసా ఏడాది వస్తుంది. బకెట్టు నీళ్ళకి రెండే చుక్కలు! డాక్టరు ఏడు రోజులకి మాత్రలిస్తే మూడు రోజులు మింగి, మిగతావి పోపుల డబ్బాలో దాస్తారు.

అలాంటి ఇంట్లో పిల్ల గౌరి కాలికి మేకు దిగింది. చీము పట్టింది. దాచిన మాత్రలు వేశారు, తగ్గలేదు. ఇంకేముంది, ఆసుపత్రికి పరుగు.

అంతా విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"సగం మందు వేస్తే, చావని క్రిములు దాన్ని గుర్తుపట్టేస్తాయమ్మా. పల్చటి ఫినాయిలుకి తట్టుకున్నవి ఒక్కోసారి మాత్రలకీ తట్టుకోవచ్చు. ఇవి వేరే మాత్రలు. రోజుకొకటి, ఏడు రోజులు. ఒక్కటి కూడా మానొద్దు. దీనికీ తగ్గకపోతే కాలు దక్కుతుందని చెప్పలేను."

నూకాలమ్మ పిల్లని చంకనెత్తుకుంది. ఇంటికొచ్చాక మొగుడు సింహాద్రి చెవిలో అంది:

"విన్నావా? గుర్తుపట్టేస్తాయట."

"నిన్నే గుర్తుపడతాయి. ఫినాయిలు చల్లేదీ నువ్వే, మాత్ర వేసేదీ నువ్వే!"

అంతే. మొగుడి పంచె కట్టింది, తలపాగా చుట్టింది, మసితో మీసం దిద్దింది. అరటిపండులో మాత్ర దూర్చి, గొంతు బొంగురు చేసి, "పాపా, పండు తింటావా?" అంది.

గౌరి కెవ్వుమంది. "అమ్మా! ఎవడో వచ్చాడే!"

నేనేనే అనబోయి నాలిక కరుచుకుంది. క్రిములు వింటాయి కదా!

కేకకి మరిది అప్పలకొండ దుడ్డుకర్రతో దూకాడు. మీసాలాయన వీపు మీద ఒక్కటిచ్చాడు. నూకాలమ్మ కిక్కురుమనలేదు. పిల్ల నోట్లో పండు కుక్కి, అది గొంతు దిగేదాకా చూసి, అప్పుడు మూలిగింది.

"నేనురా, మీ వదినని."

"ముందే చెప్పొచ్చుగా వదినా!"

"మెల్లిగా మాట్లాడు. అవి పడుకున్నాయో లేదో."

మర్నాటికి మీసం పాతబడిపోయింది కాబట్టి గడ్డం పెట్టింది. మూడోనాడు నల్ల కంబళి కప్పుకుని ఎలుగుబంటి అయింది. ఇంకేముంది, వీధి కుక్కలన్నీ వెంటపడ్డాయి, వాటి వెనక వీధి జనం. పిక్క చిరిగినా పండు జారవిడవలేదు. అలా ఏడు రోజులకి ఏడు వేషాలు. మాత్ర మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఎనిమిదోనాడు డాక్టరమ్మ కట్టు విప్పింది. "శభాష్! పుండు మానింది. క్రిములన్నీ చచ్చాయి."

నూకాలమ్మ పిల్ల కాలు పట్టుకుని భోరుమంది. సింహాద్రి మొహం వాడిపోయింది.

"అన్నీనా? ఒక్కసారే? మనింట్లోనే?"

అంతే. ఇంట్లో చావంటే మైల కదా! పొయ్యి వెలిగించలేదు. అందరూ తలస్నానాలు చేశారు. ఇల్లు శుద్ధి చెయ్యాలని సింహాద్రి ఫినాయిలు సీసా తెచ్చి, బకెట్టులో బుడబుడా ఒంపబోయాడు.

నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"రెండే చుక్కలు వెయ్యి. పోయినవాళ్ళ తాలూకు ఎవరైనా మిగిలుంటే? దుఃఖంలో ఉన్నవాళ్ళ మీద అంత ఘాటు దేనికయ్యా!"