ఎర్రగడిలో దస్తగిరి

ఉరుసు దగ్గర పడింది. పనులన్నీ ఒక దారిన పడ్డాయి, ఒక్క దస్తగిరి పని తప్ప. ఆ ఉదయం అనీస్‌కి మింగుడుపడనిది అదొక్కటే.

కొండ కింది దర్గాలో లతీఫ్ బాబా దగ్గర శిష్యరికం చేస్తున్నాడు అనీస్. అంతకుముందు హైదరాబాదులో ఓ కంపెనీలో ఉండేవాడు. ఎవరి పని ఎప్పటికి పూర్తికావాలో, ఎవరు వెనకబడ్డారో చూడటమే అక్కడ అతని ఉద్యోగం. మానేసి వచ్చినా చెయ్యి ఊరుకోదు గదా.

ఏటా ఉరుసుకు ముందు బాబాకి ఓ అలవాటు. తెల్లవారగానే పెద్ద కెటిల్ నిండా చాయ్ పోయించుకుని, ఉరుసు పని ఒప్పుకున్న ప్రతి మనిషి ఇంటికీ నడిచి వెళ్ళేవారు. షామియానా వాళ్ళు, దీపాల వాళ్ళు, సమాధి మీద కప్పే చాదర్ కుట్టేవాళ్ళు, ఎవరినీ వదిలేవారు కారు. పోనీ వెళ్ళి పని సంగతి అడుగుతారా అంటే అదీ లేదు. అరుగు మీద చతికిలబడి, వాళ్ళకో గ్లాసు పోసిచ్చి, తానో గ్లాసు తాగి, పిల్లాడి దగ్గు తగ్గిందా, మేక ఈనిందా అని కబుర్లాడి లేచి వచ్చేవారు. ఇంతలో పొద్దెక్కిపోయేది, మోకాళ్ళు పట్టేసేవి. సాయంత్రం వాటికి నూనె రాసేది అనీసే.

చూసి చూసి అతనికి ప్రాణం ఉసూరుమంది. "ఈ ఏడు మీరు కూర్చోండి బాబా, నేను చూసుకుంటాను," అన్నాడు. తన ఫోన్‌లోనే ఓ చిన్న ఏఐ ఏర్పాటు చేశాడు. పెద్ద ఖర్చూ లేదు, పెద్ద హంగామా లేదు. పొద్దున్నే అది బాబా పేరు మీద అందరికీ తెలుగులో మెసేజ్ పంపి, పని ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది. వాళ్ళు నోటితో చెప్పినా విని అర్థం చేసుకుంటుంది, జవాబు తనే ఇస్తుంది. అది తయారుచేసే పట్టికలో పని సాగుతున్న వాళ్ళ గడి ఆకుపచ్చ, వెనకబడ్డ వాళ్ళది ఎరుపు. ప్రతివాడి సాకులూ వింటూ కూర్చుంటే పని తెమలదని, కారణాలు తనకి చూపించొద్దు, తేదీలు చాలని అనీస్ మొదటిరోజే దానికి చెప్పిపెట్టాడు.

నిజం చెప్పుకోవాలి, అది భలే పనిచేసింది. షామియానా గుంజలు పాతకముందే దీపాల వాళ్ళు వచ్చి బీడీలు కాలుస్తూ కూర్చునే తంతు ఈసారి లేదు. "అనీస్ బాబు వచ్చినాక దర్గా పని గడియారం మాదిరి నడుస్తాంది," అని జనం అంటుంటే అతను తల వంచుకునేవాడు. ఆ వంచడంలో వినయం ఎంతో, మురిపెం ఎంతో అల్లాకే తెలియాలి. కెటిల్ వంటింటి మేకుకి వేలాడింది.

దస్తగిరిది కళాయి పని. ఉరుసునాడు ఊరందరికీ వండిపెట్టే రాగి డేగిసాలకి లోపల తగరం పూత పడాలి. పూత లేకపోతే వంట చిలుమెక్కి విషమవుతుంది. అలాంటి పని పెట్టుకుని, అతని గడి ఎర్రబడి అలాగే ఉండిపోయింది. అనీస్ మెసేజ్ పూటపూటకీ వెళ్ళేలా మార్చాడు. మాట కాస్త గట్టిగా ఉండాలని కూడా చెప్పాడు. అయినా ఎరుపు కదల్లేదు.

"అందరూ ఒకెత్తు, దస్తగిరి చాచా ఒకెత్తు బాబా," అన్నాడు ఆ ఉదయం పట్టిక చూపిస్తూ. "మనిషికి బాధ్యతే లేదు. పని ఇంకొకరికి ఇచ్చేద్దాం."

బాబా ఫోన్ వంక చూశారు. "ఎందుకు ఆలస్యం చేస్తున్నాడు?"

"అది తెలీదు బాబా."

"కెటిల్ దించు," అన్నారు బాబా.

నిండు కెటిల్ పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. దస్తగిరి ఇల్లు ఊరి చివర. వాకిట్లో బొగ్గుల గుంట చల్లారి ఉంది. దర్గా డేగిసాలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. తోలుతిత్తి గోడకి ఆనించి ఉంది. కళాయి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తిత్తి ఊది మంట నిలపాలి, ఒకరు కాలే గిన్నెలో నవాసాగరం పొడి చల్లి, తగరం పాముతూ పోవాలి. ఆ ఇంట్లో తిత్తి ఎప్పుడూ దస్తగిరి భార్య ఖాసింబీదే. ఆమె మంట చూసేది కాదు, మొగుడి మొహం చూసి గాలి పెంచేది, తగ్గించేది.

దస్తగిరి గడప మీద కూర్చుని ఉన్నాడు. బాబాను చూసి లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు.

"ఖాసింబీ ఏదీ? గ్లాసులు తెమ్మను," అన్నారు బాబా.

దస్తగిరి వింతగా చూశాడు. "ఫోన్లో చెప్తి గదా బాబా."

"ఏం చెప్పావు?"

"ఖాసింబీ పోయిందని. పుట్టింటికి పోయుండె, జ్వరం ముదిరి ఆడనే పోయింది. ఆడనే మట్టి చేసి వస్తి. వచ్చినాక మొదట మీకే చెప్తి. మీ జవాబు గూడా వచ్చె."

జేబులోంచి ఫోన్ తీసి చాచాడు. బాబా అందుకుని అనీస్ చేతిలో పెట్టారు.

"కళ్ళజోడు తేలేదు. నేనేం జవాబిచ్చానో చదువు నాయనా."

అనీస్ వేలితో పైకి జరిపాడు. పూటపూటకీ వెళ్ళిన మెసేజ్‌లు, గట్టిగా ఉండమన్నవి, ఒకదాని మీద ఒకటి. అన్నిటికీ పైన దస్తగిరి తన గొంతుతో పంపిన కబురు, దాని కింద జవాబు. అది చూసి అనీస్ ఫోన్ తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు. బాబా ఎదురుచూస్తున్నారు. దస్తగిరి కూడా చూస్తున్నాడు.

"మీ సమాచారం అందింది, ధన్యవాదాలు," అని చదివాడు. "మీ పనికి కొత్త తేదీ ఎప్పుడు పెట్టమంటారు?"

అనీస్‌కి కారణాలు చూపించొద్దని తను చెప్పిన మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"పనుల తొందరలో ఉండి అట్ల రాసింటారులే అనుకుంటి," అన్నాడు దస్తగిరి నెమ్మదిగా. "తేదీ చెప్దామనే చూస్తి బాబా. తిత్తి ముట్టుకోను చెయ్యి రాలేదు."

అతను తిట్టినా బాగుండేదనిపించింది అనీస్‌కి. "చాచా, అది బాబా రాయలేదు, నేను..." అని ఆగిపోయాడు. నేను రాశానని చెప్పడానికీ లేదు. ఆ మాట వెళ్ళినప్పుడు తను చదవనైనా లేదు.

బాబా నేల మీదే దస్తగిరి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నారు. "ఆలస్యం నాది దస్తగిరీ," అన్నారు. తర్వాత చేతులెత్తి ఖాసింబీ కోసం ఫాతిహా చదివారు.

అనీస్ లోపలికి వెళ్ళి గ్లాసులు వెతికి తెచ్చాడు. పోసిన చాయ్ సగం నేలపాలైంది. దస్తగిరి గ్లాసు అందుకుని, తాగకుండానే ఏడ్చాడు. బాబా అతని వీపు నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు.

వస్తుంటే దస్తగిరి వెనకనుంచి అన్నాడు. "డేగిసాలు నేనే పూస్తా బాబా. తిత్తికి ఎవురినన్నా పంపండి."

దారిలో అనీస్ ఫోన్ బయటికి తీశాడు. "దీన్ని ఇప్పుడే తీసిపారేస్తాను బాబా."

"దాన్నెందుకు ఆడిపోసుకుంటావు? తేదీలు చూడమన్నావు, చూసింది," అన్నారు బాబా.

మర్నాడు పొద్దున్నే అనీస్ నమాజు ముగించి వెనక్కి తిరిగేసరికి కెటిల్ అతని చాప పక్కన ఉంది, నిండుగా, మూతి దగ్గర పొగలు పోతూ. బాబా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అనీస్ కెటిల్ వంక చూశాడు గానీ ముట్టుకోలేకపోయాడు. "దస్తగిరి చాచా ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను బాబా?"

"ఉన్న మొహంతోనే," అన్నారు బాబా. "చల్లారకముందే వెళ్ళు."