పేరిశెట్టి పెరుగు దావా

పేరిశెట్టి పట్నంలో పేరుమోసిన పెరుగు వ్యాపారి. ఆయన పేరూ, ఆయనిచ్చిన తోడూ పెట్టుకుని సింగమ్మ తన ఊళ్ళో దుకాణం తెరిచింది. ఏడాది తిరక్కుండానే జనం బారులు తీరారు. శెట్టికి కన్ను కుట్టి, రాజుగారి కొలువుకెక్కాడు.

"నా తోడు పడందే ఆ పాలు తోడుకోవు ప్రభూ. కాబట్టి పెరుగూ నాదే, దుకాణమూ నాదే."

రాజు సింగమ్మను పిలిపించాడు. ఆమె దుకాణం మీంచి ఊడదీసి తెచ్చిన చెక్క పలకను రాజు ముందు నిలబెట్టింది. 'రాజుగారి వంటింటి తోడుతో చేసిన పేరిశెట్టి పెరుగు' అని ఉంది దాని మీద.

"శెట్టిగారు రాయించి ఇచ్చిందే ప్రభూ. ఆయన చెప్పిందే న్యాయమైతే, ఆయన దుకాణాలన్నీ తమరివే కదా?"

రాజు మీసం దువ్వుతూ శెట్టి వైపు తిరిగాడు.

శెట్టి చప్పున చేతులు జోడించాడు. "తోడుదేముంది ప్రభూ, చెంచాడు. పెరుగెప్పుడూ పాలు పోసినవాళ్ళదే."