వీపు చూపని చుక్క

మీసం మొలవకముందే కొండమీది దర్గాకి వచ్చి చేరినవాడు హుసేనప్ప. ఇప్పుడు దిగిపోవాల్సొచ్చింది. అన్న చచ్చిపోయాడు. వదిన, పిల్లలు, గొర్రెలు, అంతా వీడి నెత్తినే పడింది.

పోక తప్పదని వాడికీ తెలుసు. భయమల్లా ఒకటే. ఫకీరుతాత పక్కన ఇన్నాళ్లూ లోపల వెలిగిందేదో, దూరం పోతే ఆరిపోతుందేమోనని. తోటి శిష్యులు ఊరుకుంటారా? గొర్రెల కంపులో పడ్డాక తాత పేరైనా గుర్తుండదులే అని ఆటపట్టించారు.

ఆ రోజుల్లోనే తోకచుక్క పొడిచింది. మొదట తెల్లారగట్ల తూర్పున కనబడి, రోజురోజుకీ పొద్దు వైపు దిగింది. తల ముందు, తోక వెనక. కొన్నాళ్లు వెలుగులో కలిసిపోయి, ఇప్పుడు మునిమాపున పడమట తేలింది. కీడని ఊళ్లో కొందరు తలుపులేసుకున్నారు. తాత మాత్రం అరుగుమీద కూచుని, చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు.

బయల్దేరే సాయంత్రం హుసేనప్ప అడిగేశాడు.

"తాతా, దూరం పోయినాక నేను నీవాణ్ణేనా?"

తాత నిప్పుల మూకుడులో ఇంత సాంబ్రాణి వేసి, సమాధి చుట్టూ పొగ వేసి బయటికి తెమ్మన్నాడు.

వేశాడు. ఏడుపు కనబడకూడదని గిరుక్కున తిరిగి, గబగబా గడప వైపు నడిచాడు.

"అట్లనేనా పోయేది?" అన్నాడు తాత.

హుసేనప్ప నాలుక్కరుచుకున్నాడు. సమాధికి వీపు పెట్టి ఎవరూ బయటికి రారు. పసిపిల్లలకీ తెలిసిన పద్ధతి అది.

మళ్లీ లోపలికి పోయాడు. మొహం సమాధి వైపే ఉంచి, ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. అవతలి కిటికీలోంచి గాలి తోస్తోంది. పొగ వాడి మీదుగా, వాడికన్నా ముందే బయటికి సాగిపోతోంది. గడప తగిలి తూలితే తాత చెయ్యి వీపుకి ఆనింది.

బయట పొద్దు కుంకింది. తాత గడ్డం ఎత్తి ఆకాశం చూపించాడు. చుక్క నిన్నటికన్నా పైకి జరిగింది, పొద్దుకి ఇంకాస్త దూరంగా. ఇప్పుడు తోకే ముందు పోతోంది. తల మాత్రం పొద్దు దిగిన వైపే.

"అదీ దూరం పోతాంది," అన్నాడు తాత. "ఎట్ల పోతాందో చూడు."

హుసేనప్ప చాలాసేపు చూశాడు. మూకుడు అరుగుమీద పెట్టాడు. చెప్పులు తొడుక్కుని కొండ దిగాడు.

లోపలి మొహం తాత వైపే ఉంది. కింది దాకా ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.