కొడిసెపాల బిళ్ళలు

"మీరు చెబితే రోగులు వింటారు. అదే మాట శాస్త్రం తప్పకుండా నేను చెబితే వినరేం గురువుగారూ?" అని శిష్యుడు పరదేశి ఒకనాడు బసవలింగంగారిని అడిగాడు. బొబ్బిలి దగ్గర వైద్యం చేస్తూ, మందులు కూడా తయారుచేసే ఆయనకు అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. వెళ్ళి బిళ్ళల పని చూడమన్నారు.

ఆ పనిలో పరదేశికి అప్పటికే తల కొట్టేసినట్టయి ఉంది. విరేచనాలు కట్టడానికి వాడే కొడిసెపాల చెట్టు పట్ట కషాయాన్ని చిక్కబెట్టి, ఎండబెట్టి, పొడిచేసి తాను ఒత్తిన బిళ్ళలు దారిలోనే పిండయ్యాయని సాలూరు కొట్టాయన పెట్టెతో సహా తిప్పి పంపాడు. ఈసారి పంతం పట్టాడు. తుమ్మజిగురు రెట్టింపు కలిపాడు, బిళ్ళలొత్తే మిషను మర ఇంకా బిగించాడు. ఒక బిళ్ళను గచ్చు మీదికి విసిరితే ఖంగుమంది, అంచు కూడా రాలలేదు. మనవాడి ముఖం వెలిగిపోయింది.

ఆ బిళ్ళలు పట్టుకెళ్ళిన పదిరోజులకు అప్పలనరస మళ్ళీ వచ్చింది. ఇటుకబట్టీలో మోతపని చేసే మనిషి, విరేచనాలు కట్టక గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమెకు వాటిని ఇచ్చింది పరదేశే. ఆమె కూర్చోకముందే విరుచుకుపడ్డాడు. "పథ్యం చేసి ఉండవు. రెండు వేసుకోమంటే ఒకటి వేసుకుని ఉంటావు. మీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ!" ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బసవలింగంగారు వచ్చి ఆమె పక్కనే కింద కూర్చున్నారు. "ఏమైందమ్మా?" అని ఒక్కమాట అడిగి ఊరుకున్నారు.

ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. "సెప్పినట్టే ఏసుకున్నాను బాబూ. బిళ్ళ ఎలాగెల్లినాదో అలాగే వొచ్చీసినాది."

గురువుగారు గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో ఒక బిళ్ళ వేసి శిష్యుడి ముందు పెట్టారు. ఆమెకు గంజి కాచి తాగించేంతసేపు గడిచినా అది గులకరాయిలా అలాగే ఉంది. పరదేశికి సిగ్గుతో చచ్చినంత పనయింది. తనే బిళ్ళల్ని రోట్లో వేసి, చెమటలు కక్కుతూ దంచి, ఆ పొడిని మజ్జిగలో కలిపి పూటపూటా ఆమెకు ఇచ్చాడు. నాలుగోనాటికి ఆమె గోడ పట్టుకోకుండా నడిచింది.

"మందులో అయితే లోపం లేదు కదా గురువుగారూ?" అన్నాడు పరదేశి, కాస్త బతిమాలుతున్నట్టుగా.

"మంచి మందే నాయనా, నీ శాస్త్రం మాటలాగే," అన్నారు బసవలింగంగారు. "పదిరోజులు ఆమె లోపలికి వెళ్ళింది. ఆమెకు మాత్రం అందలేదు."