జక్కయ్య సగం కీర్తన

అనగనగా, గోదారి మీద వంతెన కట్టొచ్చని ఎవరికీ తోచని కాలంలో, ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గరగా ఓ లంక ఉండేది. లంకకి ఎదురుగా ఒడ్డు మీద ఓ పేట ఉండేది. పేటలో క్రైస్తవులకి ఓ తాటాకు గుడి ఉండేది. లంకకీ పేటకీ మధ్య ఓ పడవ ఉండేది. ఆ పడవ నడిపేవాడు జక్కయ్య.

జక్కయ్య పొట్టివాడు. పడవని గెడకర్రే నడుపుతోందని, జక్కయ్య ఊరికే దానికి వేలాడుతున్నాడని పేటలో పిల్లలు ఏడిపించేవారు. మనిషి పొట్టి గాని గొంతు పొట్టి కాదు. ఇటు ఒడ్డున దగ్గితే అటు ఒడ్డున కోళ్లు ఉలిక్కిపడేవి. చదువు మాత్రం అంటలేదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఏదో ఒక ఒడ్డున ఎవరో ఒకరు నిలబడి కేకేస్తుంటే, పాపం, పలకా బలపం పట్టేదెప్పుడు?

ఆదివారం మాత్రం గుడి తప్పేవాడు కాదు. గుమ్మం పక్కన ఆఖరి చాప అతనిది. అవతల ఒడ్డున ఎవరైనా పిలిస్తే చప్పుడు కాకుండా లేచి వెళ్లాలి కదా, అందుకని.

ఆ గుడిలో కీర్తన చదవడానికి ఓ పద్ధతి ఉంది. ఇప్పటికీ చాలా గుళ్లలో అదే పద్ధతి. అయ్యగారు ఒక వచనం చదువుతారు. తర్వాతి వచనం జనమంతా కలిసి చెబుతారు. మళ్లీ అయ్యగారు. మళ్లీ జనం. ఆ గుడి అయ్యగారి పేరు తీతు. మంచి మనిషి, కొంచెం చాదస్తం, గొంతు మరీ సన్నం. ఆయన చదివిన వచనం గుమ్మం దాకా వచ్చేలోపే ఏటిగాలి ఎత్తుకుపోయేది. జక్కయ్యకి వినబడేదల్లా జనం చెప్పే వచనమే. వాళ్లతోపాటు తనూ గొంతెత్తి చెప్పేవాడు. అలా చెప్పగా చెప్పగా, ప్రతి కీర్తనలోనూ జనం సగం అతనికి కంఠతా వచ్చేసింది. అయ్యగారి సగం ఒక్క ముక్క రాదు.

ఆ సగాలతోనే హాయిగా బతికేశాడు జక్కయ్య. గెడ వేస్తూ సగం కీర్తన. వల చిక్కు తీస్తూ సగం కీర్తన. పెళ్లాం రూతమ్మ అలిగితే, ఆమె నవ్వేదాకా సగం కీర్తన. అన్నిట్లోకీ కొండల కీర్తనంటే ప్రాణం. చుట్టుపక్కల కొండన్నదే లేదు. జక్కయ్య పుట్టి బుద్ధెరిగి కొండని చూడలేదు. అయినా అందులో చివరి వచనం ఉంది చూశారూ, నీ రాకపోకల్లో దేవుడే నిన్ను కాపాడతాడన్నది, అది తనకోసమే రాశారని అతని నమ్మకం. రాకపోకలు తప్ప అతనికి వేరే పనేముంది?

ఒక్కటే కొరత. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఆయన జ్ఞాపకంగా రొట్టె తీసుకుంటుంటే, జక్కయ్య చాప మీదే ఉండిపోయేవాడు. బల్లకి రావాలంటే ఒక్క కీర్తనైనా మొదట్నుంచి చివరిదాకా రావాలని అయ్యగారి పట్టు. చదువుకున్నవాళ్లు పుస్తకం చూసి చదివి బల్లకి చేరారు. చదవలేనివాడు ఒప్పజెప్పాలి. పేట మొత్తానికి అలా మిగిలిపోయింది జక్కయ్య ఒక్కడే.

మూడుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి కొండల కీర్తన ఒప్పజెప్పబోయి జనం వచనాలు నాలుగూ టకటకా చెప్పేసి నిలబడ్డాడు. రెండోసారి వానాకాలమంతా అయ్యగారి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాడు. అరుగు దిగేదాకా వచ్చింది, పడవెక్కేసరికి పోయింది. మూడోసారి నోరు తెరవగానే అవతలి ఒడ్డునుంచి కేక వినబడింది. అంతే, నేర్చుకున్నది నోట్లోనే ఉండిపోయింది, జక్కయ్య ఏట్లో ఉన్నాడు.

అయ్యగారు విసుక్కున్నారు.

"సగం కీర్తన ఏం చేసుకుంటావు జక్కయ్యా? దానికి మొదలేదీ?"

"నాకు సగం సాలండి అయ్యగారూ. మిగతా సగం మీకాడుంది కదండీ."

ఆ మాటకి గుడంతా నవ్వింది. సగం కీర్తన జక్కయ్య అని పేరు పెట్టేశారు. అతనూ నవ్వేశాడు. కాని బల్ల రోజు వస్తే ఆ నవ్వు ఉండేది కాదు. రొట్టె పళ్లెం వరస వెంట వస్తూ వస్తూ తన ముందు చాప దగ్గర ఆగిపోయేది. అప్పుడు తల దించుకుని గుమ్మంలోంచి ఏటికేసి చూసేవాడు. రూతమ్మ తన వాటా తిని వచ్చి పక్కన కూర్చునేది. 

ఇలా ఉండగా కోతల పండగ వచ్చింది. ఆ ఉదయం పేటలో ఆరాధన, బల్ల, విందు. ముందురోజు లంకలో ప్రార్థన జరిపిన అయ్యగారు పొద్దున్నే పడవెక్కారు. బాప్తిస్మం ఇప్పించడానికి నెలల పిల్లని ఎత్తుకుని దీనమ్మ అనే లంక పిల్ల ఎక్కింది. దేవుడికి అర్పించడానికి ఓ గుమ్మడికాయ ఎక్కింది, ఓ కోడిపెట్ట ఎక్కింది. జక్కయ్య గెడ వేశాడు.

సగం ఏరు దాటారో లేదో, మంచు దిగింది. మామూలు మంచు కాదు. పడవ ఈ కొసన ఉన్నవాడికి ఆ కొస కనబడలేదు. రేవు దగ్గర ఉండే తాడిచెట్టు గుర్తు పెట్టుకుని వెళ్లేవాడు జక్కయ్య. తాడిచెట్టూ లేదు, రేవూ లేదు, ఒడ్డూ లేదు. దానికి తోడు ఆటు మొదలైంది. సముద్రం నీళ్లని వెనక్కి లాక్కుంటోంది. గెడ దించితే అడుగు తగల్లేదు. తెడ్డు అందుకున్నాడు గాని ఎటు వెయ్యాలో తెలియలేదు. దూరంగా మొగ దగ్గర కెరటాలు విరుగుతున్న చప్పుడు వినబడింది. రేవు తప్పితే ఇక సముద్రమే. దీనమ్మ పిల్లని గుండెలకి అదుముకుంది. కోడిపెట్ట కూడా నోరు మూసుకుంది.

జక్కయ్య కేక పెట్టాడు. ఒడ్డున జనం విన్నారు. విని ఊరుకుంటారా? ఒకడు ఎగువకి పరిగెత్తి అరిచాడు. ఒకడు దిగువకి పరిగెత్తి అరిచాడు. ఆడవాళ్లు నడుమనుంచి అరిచారు. రెండో కేక పెట్టాడు. మళ్లీ అదే గోల. మూడో కేక పెట్టాడు. మళ్లీ అదే. అన్ని వైపులనుంచీ ఒడ్డే పిలుస్తున్నట్టుంది. ఎటు వెళ్తాడు?

భయంతో అయ్యగారు కొండల కీర్తన మొదలుపెట్టారు. పుస్తకం సంచీలో ఉంది. తీసినా లాభం లేదు, కళ్లజోడు నిండా మంచే. ఒక వచనం చెప్పి ఆగారు. మళ్లీ అదే వచనం చెప్పి ఆగారు. మూడోసారీ అక్కడే ఆగిపోయారు.

"ఆగిపోయారేటండీ?" అన్నాడు జక్కయ్య.

అయ్యగారు కళ్లజోడు తీసేశారు. ముప్పై ఏళ్లుగా తన వచనం చదవడం, తలెత్తి జనం కోసం ఆగడం, అదే అలవాటు. పుస్తకం లేకుండా తర్వాతి వచనం ఎన్నడూ ఆయన నోట పలకలేదు.

"నాకూ సగమే వచ్చు జక్కయ్యా," అన్నారు మెల్లగా.

ఇంకొకడైతే ఆ మాట పట్టుకుని దెప్పేవాడే. జక్కయ్యకి అలాంటిదేమీ తట్టలేదు. అతనికి తట్టింది వేరు. పేట జనం నోళ్లన్నీ ఒక్కచోటినుంచి, ఒక్కసారి, ఒక్కలా పలికేది ఎప్పుడు? కీర్తన చెప్పేటప్పుడే.

"మీ సగం నా సెవిలో సెప్పండి అయ్యగారూ. నేను కేకేత్తాను. మిగతా సగం ఆళ్లకాడుంది కదండీ."

అయ్యగారు అతని చెవిలో చెప్పారు. జక్కయ్య నిండా ఊపిరి పీల్చి, మంచు చీలిపోయేలా అడిగాడు. కొండలకేసి కళ్లెత్తి చూస్తున్నాను, నాకు సాయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెండుసార్లు నేర్చుకున్న మాటే అది. ఆ మాట అర్థం అతనికి ఆ క్షణందాకా తెలియలేదు. ఇన్నేళ్లూ జవాబు చెబుతూ వచ్చాడు. ఈ పూటే మొదటిసారి ప్రశ్న అడిగాడు, అదీ నిజంగా తెలియక.

ఒడ్డు మీద గోల టక్కున ఆగింది. అటు పోయినవాళ్లూ ఇటు పోయినవాళ్లూ పరిగెత్తుకొచ్చి రేవులో ఒక్కచోట చేరారు. గుడిలో నిలబడినట్టే నిలబడి, ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. భూమినీ ఆకాశాన్నీ చేసినవాడి దగ్గర్నుంచే నీకు సాయం వస్తుందన్నారు. ఆ గొంతు ఎడమచేతివైపునుంచి వచ్చింది. జక్కయ్య తెడ్డు అటు తిప్పాడు.

అయ్యగారు రెండోది చెప్పారు. జక్కయ్య కేకేశాడు. దేవుడు నిద్రపోడని ఒడ్డు పలికింది. తెడ్డు అటే వేశాడు. మూడోది కేకేశాడు. పగలు ఎండ గాని రాత్రి వెన్నెల గాని నిన్నేం చెయ్యదని ఒడ్డు పలికింది. ఈసారి రూతమ్మ గొంతు విడిగా తెలిసింది. నాలుగోది కేకేశాడు. అతనికి ప్రాణమైన వచనం వచ్చింది. నీ రాకపోకల్లో నిన్ను కాపాడతాడు, ఇప్పుడూ ఎప్పుడూ, అని వాళ్లు అంటూ ఉండగానే పడవ ముక్కు రేవు ఇసకలోకి దూసుకుపోయింది. కుదుపుకి గుమ్మడికాయ దొర్లి అయ్యగారి ఒళ్లో పడింది. నెలల పిల్ల అప్పుడు లేచి ఏడ్చింది. ఆ ఏడుపు విని రేవంతా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

ఆరాధనలో బల్ల వేళయింది. జక్కయ్య ఎప్పట్లాగే ఆఖరి చాప మీద కూర్చున్నాడు. అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని ముందు వరస దాటారు, నడిమి వరస దాటారు, నేరుగా ఆఖరి చాప దగ్గరకి వచ్చారు.

"నాకు మొత్తం రాదు కదండీ," అన్నాడు జక్కయ్య బిత్తరపోయి.

"నీ సగం నీకెప్పుడో వచ్చు. నా సగం ఈ పొద్దున ఊరంతా వినేలా చెప్పావు. ఇంకేం మిగిలింది?" అన్నారు అయ్యగారు. "ఒప్పజెప్పాల్సింది ఇక నేనే. ముందు నువ్వు తీసుకో జక్కయ్యా."

జక్కయ్య రెండు చేతులూ చాపాడు.  రూతమ్మ పైట కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ రోజు విందులో గుమ్మడికాయ పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాడట. కోడిపెట్టని మాత్రం కొయ్యనివ్వలేదు. అంత ప్రయాణం కలిసి చేశాక ఎలా కొయ్యనిస్తాడు?

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు జక్కయ్య. ముసలివాడై, నవ్వుతూ పోయాడు. సమాధుల దొడ్డి లంకలో ఉంది, అందుకని అతని పడవలోనే అతన్ని దాటించారు. పడవలోంచి ప్రశ్న అడగాల్సిన గొంతు ఆ పూట లేదు. పండు ముసలి అయ్యగారు తన సన్న గొంతుతోనే అడిగారు. ఎవరికి వినబడిందో, ఎలా వినబడిందో గాని, రెండు ఒడ్లూ ఒక్కసారే జవాబు చెప్పాయి.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. బస్సులున్నాయి. అయినా ఆ పేటవాళ్లు ఊరెళ్లేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి ప్రశ్న అడుగుతారు, సాగనంపడానికి వచ్చినవాళ్లు కిందనుంచి జవాబు చెబుతారు. కండక్టరు ఆగుతాడు. అతనికీ అలవాటైపోయింది. గుడిలో బల్ల రోజున రొట్టె పళ్లెం ఇప్పటికీ మొదట గుమ్మం పక్క చాప దగ్గరకే వెళ్తుంది.

ఇంకోటి ఉంది. ఆ పేటలో ఎవరి ఇంట్లోనైనా పొయ్యి మీద కూరుండి ఉప్పు లేకపోయినా, పాడె మొయ్యడానికి మనుషులు చాలకపోయినా, పిల్ల పెళ్లికి చేతులు తక్కువైనా, పక్కింటి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అంటారు.

"మిగతా సగం మీకాడుంది కదండీ."

లోపలివాళ్లు ఏమిటని అడగరు. లేచి వస్తారు.